అపోలో 16కీ అపోలో 17కీ మధ్య వచ్చిన సౌర తుఫాను



చంద్రుడి మీదికి మనుషులు ఎట్లా పోయారో బడిలో అందరం చదివినం. రేడియేషన్ నుంచి వాళ్లను ఎట్లా కాపాడారన్నది మాత్రం పెద్దగా చెప్పరు.

1972 ఏప్రిల్ 27న అపోలో 16 వాళ్లు తిరిగొచ్చారు. డిసెంబర్ 7న అపోలో 17 బయల్దేరింది. ఈ రెండింటి నడుమ, ఆగస్టు మొదటి వారంలో, సూర్యుడి నుంచి ప్రోటాన్లు వరదలా వచ్చిపడ్డాయి. ఆ తుఫానుకి వియత్నాం దగ్గర సముద్రంలో అమెరికా వేసిన మందుపాతరలు వాటంతట అవే పేలాయి. ఆ గంటల్లో ఎవరైనా స్పేస్ సూట్‌తో చంద్రుడి మీద నడుస్తూ ఉంటే తీవ్రంగా జబ్బు పడేవాళ్లని తర్వాత లెక్కలు కట్టారు. గండం తప్పింది తేదీలు కలిసిరావడం వల్లనే. అపోలో కథలో నాకు ఇదే పెద్ద సంగతి అనిపిస్తది.

అట్లని నాసా చేతులు కట్టుకొని కూర్చోలేదు. భూమి చుట్టూ రేడియేషన్ పట్టీలు ఉన్నాయని 1958లో వాన్ అలెన్ కనిపెట్టారు. అపోలో నౌకలను వాటి దట్టమైన భాగం తప్పించి, కొద్ది గంటల్లోనే దాటించారు. సూర్యుడి మీద టెలిస్కోపులతో కాపలా పెట్టారు. ప్రతి వ్యోమగామి ఒంటి మీద డోసిమీటర్ ఉండేది. మరి నౌక గోడలు మందంగా కట్టొచ్చు కదా అంటారా? బరువు పెరిగితే రాకెట్ మోయలేదు. పైగా వేగంగా వచ్చే కణం సీసం లాంటి లోహాన్ని గుద్దితే కొత్త కణాలు పుడతాయి. అందుకే హైడ్రోజన్ ఎక్కువున్న నీళ్లు, పాలిథిలీన్ మేలంటారు. 2022లో ఆర్టెమిస్ 1లో హెల్గా, జోహర్ అని రెండు బొమ్మల్ని పంపారు. ఒకదానికి రక్షణ జాకెట్ తొడిగి, ఇంకోదానికి తొడగకుండా తేడా కొలిచారు.

బొమ్మకు కూడా మీటర్లు పెట్టారు. అదే అమెరికాలో నవాహో ఆదివాసీల నేలలో 1944 నుంచి 1986 దాకా యురేనియం తవ్వారు, మొదట్లో అణుబాంబుల కోసమే. సరిగా గాలాడని గనుల్లో రాడాన్ పీల్చి ఎంతోమంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ప్రభుత్వ ఆరోగ్య శాఖ 1950 నుంచే ఆ కార్మికులను పరీక్షిస్తూ వచ్చింది, ప్రమాదం ఉందని మాత్రం వాళ్లకు చెప్పలేదు. పరిహారం చట్టం వచ్చింది 1990లో. 2005లో నవాహోలు తమ నేలపై యురేనియం తవ్వకాన్నే నిషేధించుకున్నారు.

2019లో మన నల్లమలలో యురేనియం మాట వచ్చినప్పుడు చెంచు పెంటల నుంచి వద్దన్నారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అమ్రాబాద్ దిక్కు వాళ్లు గ్రూపులో ఉంటే ఆ రోజుల సంగతి రాయండి, మా హాస్టల్లో చాలామందికి తెల్వదు.