మడివాళ నుంచి మియాపూర్ దాకా

2005 అక్టోబరు 28, శుక్రవారం సాయంత్రం. బెంగళూరు మడివాళలో, హోసూరు రోడ్డు పక్కన, భుజాన బ్యాగుతో మీరు నిలబడి ఉన్నారు. మంగళవారం దీపావళి. కన్నడ రాజ్యోత్సవం కూడా ఆ రోజే. సోమవారం ఒక్కటి సెలవు పెడితే నాలుగు రోజులు ఇంట్లో ఉండొచ్చన్న లెక్క ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఒకేసారి తట్టింది. రైల్లో వెయిటింగ్ లిస్టు కదలడం లేదు. ఆర్టీసీ బస్సులు ఎప్పుడో నిండిపోయాయి. ఇక మిగిలింది ప్రైవేటు ట్రావెల్స్. రోడ్డు పొడవునా చిన్న చిన్న షట్టర్లు, ఒక్కో షట్టరు మీద పది కంపెనీల పేర్లు, ముందొక బల్ల, బల్ల మీద ఫోను. "హైదరాబాద్, హైదరాబాద్... నెల్లూరు, విజయవాడ..." అంటూ కుర్రాళ్లు మీ మొహం చూసి, మీది ఏ ఊరై ఉంటుందో ఊహించి మరీ అరుస్తున్నారు.

"హైదరాబాద్‌కి ఒక్క సీటు కావాలన్నా" అంటారు మీరు.

బల్ల వెనకాయన ఏ కాగితమూ తిరగేయడు. నేరుగా ఫోను తీస్తాడు. ఒక నంబరు ఎంగేజ్. రెండోది ఎత్తేవాళ్లు లేరు. మూడోచోట ఎవరో ఎత్తారు. కన్నడం, తెలుగు, హిందీ కలిపి అర నిమిషం మాట్లాడి, రిసీవరు చేత్తో మూసి మీ వైపు తిరుగుతాడు. "లాస్ట్ రో సార్. రేటు డబుల్. ఇప్పుడే చెప్పాలి." మీరు తటపటాయిస్తారు. పక్క షట్టరుకు వెళ్తారు. అక్కడ అదే బస్సుకు ఇంకో రేటు. తిరుగు ప్రయాణానికి కూడా టికెట్ ఇస్తారా అని అడిగితే అతను నవ్వేస్తాడు: "అది హైదరాబాద్‌లో చూస్కోవాలి సార్, మాకేం తెలుస్తుంది?" మీరు మొదటి షట్టరు దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆ లాస్ట్ రో సీటు కూడా లేదు.

రాత్రి పదిన్నరకు ఒక బస్సు మీ ముందు నుంచే కదులుతుంది. కిటికీల వెంట చూపు పోనివ్వండి. వెనక నుంచి మూడో వరుసలో రెండు సీట్లు ఖాళీ. ఆ సీట్లు ఏ ఏజెంటు దగ్గరో కోటాగా ఉండి, అమ్ముడుపోక, ఆ సంగతి వెనక్కి చెప్పే తీరిక ఎవరికీ లేక అలాగే వెళ్లిపోతున్నాయి. సీటుంది, ప్రయాణికుడున్నాడు, డబ్బుంది. మూడూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. కలవలేదు, అంతే.

ఆ దీపావళికే బెంగళూరు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసే ఫణీంద్ర సామ అనే ఇంజనీరు కూడా ఇలాగే ఏజెంట్ల చుట్టూ తిరిగి, టికెట్ దొరక్క గదికి తిరిగెళ్లారు. పండగ పోయిందని బాధపడి ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఆయన మాత్రం తర్వాత మళ్లీ అదే ఏజెంట్ల దగ్గరికి వెళ్లి, అసలు మీరు సీటు ఎలా అమ్ముతారు అని కూర్చుని అడిగారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువగా కనిపించేది ఆ రెండో రాకే.

ఇప్పుడు ఒక ట్రావెల్స్ ఆఫీసులోకి రండి. మధ్యాహ్నం, రద్దీ లేని వేళ. గోడకు వెంకటేశ్వరస్వామి పటం, బల్ల మీద అట్టకు క్లిప్పుతో బిగించిన ఒక కాగితం. దాని మీద బస్సు ఆకారంలో గళ్లు. ఒక్కో గడి ఒక్కో సీటు. ఇదే చార్టు. ఈ బస్సులో ఏ సీటు ఖాళీయో తెలిసింది లోకం మొత్తమ్మీద ఈ ఒక్క కాగితానికే. ఫోను మోగుతుంది, గుమాస్తా పెన్సిలుతో ఒక గడిలో పేరు రాస్తాడు. మళ్లీ మోగుతుంది, చెరిపి ఇంకో పేరు రాస్తాడు. ప్రతిసారీ ఫోను చేయడం కుదరదు కాబట్టి నమ్మకమైన ఏజెంట్లకు నాలుగైదేసి సీట్లు ముందే రాసిచ్చేస్తారు. దాన్నే కోటా అంటారు. ఒకరి కోటాలో మిగిలిన సీటు ఇంకొకరికి కనిపించదు.

రైలు టికెట్ల సంగతి చూడండి. 1980ల నడుమ నుంచే రిజర్వేషన్ కౌంటర్లలోకి కంప్యూటర్లు వచ్చాయి, 2002 నుంచి ఇంట్లో కూర్చుని ఐఆర్‌సీటీసీలో కొనుక్కోవచ్చు. బస్సుకు ఎందుకు రాలేదు? రైలుకు యజమాని ఒక్కరు. ఆ ఒక్కరు తలచుకుంటే చాలు. ప్రైవేటు బస్సులకు వేల మంది యజమానులు. ఒకాయనకు నాలుగు బస్సులు, ఇంకొకాయనకు నలభై. అందరినీ ఒకే చార్టు మీదికి రమ్మని ఆజ్ఞాపించే అధికారం ఎవరికీ లేదు. వాళ్లంతట వాళ్లు రావాలి. ఎందుకు రావాలి?

బిట్స్ పిలానీలో కలిసి చదువుకున్న సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు ఫణీంద్రతో కలిశారు. ముగ్గురూ ఇంజనీర్లే. సాఫ్ట్‌వేర్ రాసి, వాడుకోమని ఇస్తామన్నారు. మీరు ఆ యజమాని కుర్చీలో కూర్చుని వినండి. ఎదుట చదువుకున్న కుర్రాళ్లు, మర్యాదగా మాట్లాడుతున్నారు, కంప్యూటరు అంటున్నారు. మీ మనసులో మెదిలే ప్రశ్నలు వేరు: దాని ముందు కూర్చునేదెవరు? కరెంటు పోతే చార్టు ఎక్కడ? నా సీట్ల లెక్క బయటివాళ్లకు తెలిస్తే? పదేళ్లుగా నా బస్సు నింపుతున్న ఏజెంటుకు కోపం వస్తే? "చూద్దాం బాబూ, మళ్లీ రండి" అంటారు. అలా అన్న యజమాని వెనకబడ్డవాడు కాదు. ఎవరూ లేని నెట్‌వర్కులో మొదట చేరేవాడికి ఖర్చే తప్ప లాభం లేదు. ఆయన లెక్క సరైనదే.

అందుకే వాళ్లు దారి మార్చారు. సాఫ్ట్‌వేర్ సంగతి పక్కనపెట్టి, మీకు అలవాటైన మాటే మాట్లాడారు: మాకూ ఏజెంట్లకు ఇచ్చినట్టే కొన్ని సీట్లు కోటా ఇవ్వండి, అమ్మితే కమీషన్ ఇవ్వండి. ఇందులో మీకు పోయేదేమీ లేదు. ఇంకో ఏజెంటు, అంతే. 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలైంది ఈ కొద్దిపాటి సీట్లతోనే. పాత కోటాలోంచే కొత్త చార్టు పుట్టింది. స్టార్టప్‌ల గురించి మాట్లాడేటప్పుడు పాతదాన్ని బద్దలు కొట్టడమే గొప్పగా చెబుతుంటారు. ఇక్కడ జరిగింది పాత అలవాటు చేయి పట్టుకుని లోపలికి నడవడం.

సీట్లు దొరికాయి, కొనేవాళ్లేరి? ఇప్పుడు ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర నిలబడండి. భోజనాల వేళ మెడలో బ్యాడ్జీలు ఊపుకుంటూ జనం బయటికొస్తున్నారు. రెడ్‌బస్ కుర్రాళ్లు వాళ్ల చేతుల్లో కార్డులు పెడుతున్నారు. ఎక్కడ నిలబడ్డారో గమనించండి. రైల్వే స్టేషన్లో కాదు, మార్కెట్లో కాదు. పొద్దస్తమానం ఇంటర్నెట్ ముందు కూర్చునేవాళ్లు, కార్డుతో డబ్బు కట్టడం తెలిసినవాళ్లు, శుక్రవారం రాత్రి ఊరెళ్లేవాళ్లు ఆ గేట్లోంచే బయటికొస్తారు. అందులో హైదరాబాద్, తిరుపతి, విజయవాడ వెళ్లేవాళ్లు దండిగా ఉంటారు. పది కోట్ల మందికి తెలియాల్సిన పని లేదు. ఒక్క గేటులో మూడొందల మందికి తెలిస్తే చాలు, ఒక దారిలో నాలుగు బస్సుల వెనక సీట్లు నిండుతాయి.

అలా కార్డు అందుకుని, ఆఫీసు కంప్యూటర్లో సీటు కొన్న అమ్మాయి మీరే అనుకోండి. టికెట్ కాగితం మీ చేతికే తెచ్చిచ్చారు. రాత్రి తొమ్మిదిన్నరకు పికప్ పాయింట్‌లో నిలబడ్డారు. బస్సు వస్తుందా? వచ్చినా క్లీనరు ఈ కాగితం చూసి "ఇదేంటమ్మా, మా చార్టులో నీ పేరు లేదే" అంటే? డబ్బు కట్టింది కంటికి కనిపించని వెబ్‌సైటుకు. బస్సు వచ్చి, క్లీనరు టార్చి వెలుగులో పేరు వెతికి, "పదకొండో నంబరు, ఎక్కండి" అనేదాకా ఆ కంపెనీ ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. తొలిరోజుల్లో ఈ ఒక్క మాట తప్పకుండా వినిపించాలంటే సాఫ్ట్‌వేర్ చాలదు. చార్టులో పేరు పడిందో లేదో ఫోను చేసి కనుక్కునే మనిషి, బస్సు ఆలస్యమైతే మీకు చెప్పే మనిషి కావాలి. సోమవారం పొద్దున ఆఫీసు క్యాంటీన్లో మీరు పక్కసీటు అమ్మాయికి ఏం చెబుతారన్నది శుక్రవారం రాత్రి రోడ్డు పక్కనే తేలిపోతుంది.

మీరు మంచిమాట చెప్పారు. ఆమె కొన్నది, ఆమె తమ్ముడు కొన్నాడు. కోటా సీట్లు వారం తిరగకముందే అయిపోతుంటే యజమాని ఇంకొన్ని ఇచ్చాడు. ఆయన బస్సులు నిండడం చూసి పక్క ట్రావెల్స్ వాళ్లు ఫోను చేశారు. బస్సులు పెరిగేకొద్దీ ప్రయాణికుడికి వేళలు ఎంచుకునే వీలు పెరిగింది. వీలు పెరిగేకొద్దీ ఇంకా జనం వచ్చారు. దీన్నే నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటారు. ఒకరి రాక ఇంకొకరి రాకకు కారణం కావడం.

2007లో సీడ్‌ఫండ్ అనే పెట్టుబడి సంస్థ రెడ్‌బస్‌లో డబ్బు పెట్టింది. ఆ తర్వాత ఒకప్పుడు వద్దన్న సాఫ్ట్‌వేర్ మళ్లీ యజమానుల బల్లల మీదికి వచ్చింది, బాస్ అనే పేరుతో. ఈసారి వాళ్లు కాదనలేదు. నెలనెలా అమ్మకాలు చూపిస్తున్నవాళ్లు తెచ్చిన కంప్యూటరు మరి. అట్ట మీది కాగితం తెర మీదికి ఎక్కింది. ఖాళీ గడి ఊరంతా ఒకేసారి కనిపించసాగింది. మడివాళ ఏజెంటును కూడా వదిలేయలేదు. సీట్‌సెల్లర్ పేరుతో అతనికీ అదే తెర ఇచ్చారు. ఇప్పుడు అతను మూడు ఫోన్లు చేయడు. తిరుగు టికెట్ అడిగితే నవ్వడు.

ఈథర్నెట్ సృష్టికర్తల్లో ఒకరైన రాబర్ట్ మెట్‌కాఫ్ పేరు మీద ఒక లెక్క ప్రచారంలో ఉంది: వాడేవాళ్లు రెట్టింపైతే నెట్‌వర్క్ విలువ సుమారు నాలుగింతలవుతుందని. స్టార్టప్ సభల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. బస్సు ఎక్కి చూస్తే అది అలా ఉండదు. పుణె నుంచి ఇండోర్ వెళ్లే ప్రయాణికులు లక్షమంది కొత్తగా చేరినా, బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్లాల్సిన మీకు ఒక్క సీటూ పెరగదు. ఇక్కడ నెట్‌వర్క్ దేశమంత పెద్దది కాదు, దారి అంత పొడవైనది. దారి దారికీ మళ్లీ మొదటి నుంచి కట్టుకురావాలి. ఈ తేడా గ్రహించక ఒకేరోజు ముప్పై ఊళ్లలో బోర్డులు పెట్టి ఏ ఊళ్లోనూ నాలుగు సీట్లు నింపలేక మూతపడే కంపెనీలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాటిలో పనిచేసే పిల్లల కష్టంలో లోటేమీ ఉండదు. ఆ కష్టం ఒక్క దారి మీద చిక్కగా పడలేదు, అంతే.

దారులు దాటి పనికొచ్చేది ఒకటుంది: ప్రయాణం ముగిశాక మీరిచ్చే రేటింగ్. బస్సు వేళకు వచ్చిందా, దుప్పటి శుభ్రంగా ఉందా, డ్రైవరు ఎలా నడిపాడు. ఒక దారిలో మంచిపేరు తెచ్చుకున్న ట్రావెల్స్‌ను కొత్త దారిలోనూ నమ్ముతారు. రాత్రి ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్ల ముందు ఆ అంకె చూసి తర్వాతే రేటు చూస్తుంది. ఏజెంటు అరుపులో ఎన్నడూ దొరకని సమాచారం ఇది.

2013లో నాస్పర్స్‌కు చెందిన ఐబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొన్నది. 2017లో ఐబిబోతోపాటు అది మేక్‌మైట్రిప్ గూటికి చేరింది. 2018లో ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసరయ్యారు. ఈలోగా హైదరాబాద్‌లో 2008లో మొదలైన అభిబస్ కూడా ఎదిగింది. దాన్ని 2021లో ఇక్సిగో కొన్నది. ఒకదానికి అల్లు అర్జున్, ఇంకోదానికి మహేశ్ బాబు ప్రకటనలు చేశారు. ఒకసారి పెరిగిన నెట్‌వర్కును ఎవరూ కదపలేరన్న మాట ఇక్కడ నిలబడలేదు. ఎందుకంటే యజమాని ఒకే బస్సును రెండు యాప్‌లలోనూ పెట్టగలడు, మీరు రెండింటిలోనూ రేటు చూసి చవకైన చోట కొనగలరు. అది మీకూ మంచిదే, ఆయనకూ మంచిదే. నలభై బస్సులున్నాయన కమీషన్ గురించి యాప్ వాళ్లతో బేరమాడగలడు. రెండు బస్సులున్నాయన ఏం చేస్తాడు?

మియాపూర్‌లో ఆయన దగ్గరికి వెళ్దాం. ఈ ఏడాది, మామూలు బుధవారం, సాయంత్రం నాలుగు. రోడ్డు పక్కన కొత్త స్లీపర్ బస్సు, టైర్ల దగ్గర ఇంకా నిమ్మకాయల గుజ్జు. హైదరాబాద్ నుంచి పార్వతీపురానికి ఈ వారమే మొదలుపెట్టాడు. ఫోనులో చార్టు చూపిస్తాడు: ముప్పై ఆరు బెర్తులు, నలుగురు ప్రయాణికులు.

"కొత్త బండి కదండీ, రేటింగ్ లేదు. యాప్‌లో ఎక్కడో అడుగున కనపడతాం. పైన కనపడాలంటే జనం ఎక్కాలి, జనం ఎక్కాలంటే పైన కనపడాలి" అంటాడు.

"నలుగురి కోసం డీజిలు పోసుకుని వెళ్తారా?"

"వెళ్లాలండీ. ఈ రోజు క్యాన్సిల్ చేస్తే ఈ నలుగురూ మళ్లీ మన బండి ముఖం చూడరు. వాళ్లు చెబితేనే కదా ఐదోవాడు వచ్చేది."

పొద్దున్నుంచి ఆయన చేసిన పని అడగండి. కూకట్‌పల్లిలో పార్వతీపురం వైపు పిల్లలున్న హాస్టళ్లు రెండు తిరిగాడు. భవనం పనులకు మనుషుల్ని తెచ్చే మేస్త్రీకి ఫోను చేశాడు. సంక్రాంతికి ఇరవైమంది వెళ్తారని మాటిచ్చాడట. ఇప్పుడు ఫోను తీసి చార్టులో ఉన్న నలుగురికీ తనే చేస్తున్నాడు. "అమ్మా, బండి ఓనర్ని మాట్లాడుతున్నా. ఎల్బీనగర్‌లో మెట్రో స్టేషన్ కింద కాదు, కొంచెం ముందు పెట్రోలు బంకు దగ్గర ఆపుతాం. ఏడుంపావుకు. లగేజీ ఎక్కువుందా? పర్లేదు, తీసుకురండి."