గండిపేట నీరు, కోకాపేట నీడ
(ఇల్లును ఆరోగ్యమును గూర్చి మన నగర చరిత్ర నేర్పు పాఠములు)

గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఆ గండిపేటకు పొరుగుననే కోకాపేట ఉన్నది. నిన్నమొన్నటి వరకు పొలములు, రాతిగుట్టలు, పశువుల మేతబీళ్లు గల ఈ గ్రామములో 2023 ఆగస్టులో జరిగిన వేలమున ఒక ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయల ధర పలికెను. నేడచ్చట మేడలు ఆకాశము నంటుచున్నవి. ఆ మేడలు కట్టుచున్న కూలీలలో అనేకులు రేకుల షెడ్లలో కాపురముండువారే. ఇల్లు అనగా నాలుగు గోడలు, ఒక కప్పు మాత్రమేనా? ఇంటికిని ఒంటికిని గల సంబంధమెట్టిది? ఈ ప్రశ్నలకు మన నగర చరిత్రలోనే జవాబు దొరకును.

1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు సికిందరాబాదు బేగంపేటలో ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మన్యపు జ్వరము చెడుగాలి వలన గాక దోమ వలన వచ్చునని లోకము తెలిసికొనుటకు అదియే దారి చూపెను. అనగా ఇంటి ముంగిట నిలిచిన నీరు ఇంటిలోని మంచమునకు రోగిని తెచ్చునన్నమాట.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరమును ముంచెత్తెను. సుమారు 15,000 మంది మరణించినట్లు చెప్పుదురు. నదీతీరపు మట్టి యిండ్లలో నున్న పేదల కష్టము వర్ణింపరానిది. ఆ గాయము మానకముందే 1911లో ప్లేగు వ్యాధి చెలరేగెను. వరద పిమ్మట ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా కోరెను. ఆయన సూచించిన జలాశయములలో ఉస్మాన్ సాగర్, అనగా మన గండిపేట చెరువు, 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియయ్యెను. వరద భయము తగ్గెను; నగరమునకు మంచినీరు వచ్చెను. నగరపు మురుగునీటి పారుదలకును ఆయన పథకము నిచ్చిరి. ఇది మొదటి పాఠము: ఆరోగ్యము మంచినీటితోను, మురుగు పారుటతోను ఆరంభమగును.

1912లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున నగరాభివృద్ధి మండలి (సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు) ఏర్పడెను. గాలి వెలుతురు చొరని ఇరుకు వాడలను తొలగించుట, వీధులు వెడల్పు చేయుట, నాంపల్లి, మలకుంట మున్నగు చోట్ల సామాన్యులకు ఇండ్లు కట్టించి అద్దెకిచ్చుట దాని పనులు. ఎలుకలు చేరని గోడ, పొగ వెడలిపోవు వంటగది, ఎండ పడు వాకిలి ఔషధముతో సమానమని ఆనాటివారు గుర్తించిరి. క్షయరోగము గాలి యాడని ఇరుకు గదులలో త్వరగా వ్యాపించునని నేడందరికిని తెలియును. ఇది రెండవ పాఠము.

అయితే ఇల్లు కట్టి తాళపుచెవి చేతికిచ్చినంత మాత్రమున పని ముగియునా? లండన్ నగరమున ఆక్టేవియా హిల్ అను వనిత 1865లో కొన్ని పాత ఇండ్లను బాగుచేయించి పేదలకు అద్దెకిచ్చెను. వారము వారము అద్దెకై వెళ్లిన స్త్రీలు కాపురమున్నవారి మంచిచెడ్డలు కూడ విచారించుచుండిరి. ఇంటితోపాటు ఒక మనిషి తోడుండవలెనను భావము అచ్చట రూపుదాల్చెను.

మన నగరములో ఆ తోడు 1967లో వచ్చెను. ఆ సంవత్సరము హైదరాబాదు పురపాలక సంస్థ పట్టణ సమాజ వికాస పథకమును ఆరంభించెను. దాని కార్యకర్తలు బస్తీలకు నడిచివెళ్లి, అరుగులమీద కూర్చుండి, మీకేమి కావలెనని అడిగిరి. బాలవాడీలు, కుట్టుపని తరగతులు, పిల్లలకు టీకాలు అట్లు వచ్చినవి. యునిసెఫ్ సంస్థ తోడ్పడెను. తరువాత స్థలమునకు పట్టా, బ్యాంకు ఋణము సమకూర్చి ప్రజలే తమ ఇండ్లు కట్టుకొనునట్లు చేసిరి. 1980వ దశకములో బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో ఈ పని అనేక బస్తీలకు విస్తరించెను. రేపు ఎవరు వెళ్లగొట్టుదురో అను దిగులు తీరినవాడు కంటినిండ నిద్రించును. తన గోడకు తానే సున్నము వేసికొనును. పట్టా కాగితము కూడ మనస్సుకు మందు వంటిదే. ఇది మూడవ పాఠము.

ఈ మూడును నేడు కోకాపేట ప్రాంతమున అవసరము. సమీపమున కొల్లూరులో 2023 జూన్‌లో ప్రభుత్వము 15,660 రెండు పడకగదుల ఇండ్ల సముదాయమును ప్రారంభించెను. ఇది గొప్ప కార్యమే. కాని నగరమధ్యమున ఇండ్లలో పనిచేయు తల్లికి అంత దూరమునుండి బస్సు దొరకవలెను. రేషను కార్డు, బడి చేరిక క్రొత్త చిరునామాకు మారవలెను. లిఫ్టు చెడినచో పై అంతస్తులోని ముసలమ్మను డయాలసిస్‌కు ఎవరు దింపుదురు? నీటి ట్యాంకును ఎవరు కడిగింతురు? 2018 నుండి నగరములో బస్తీ దవాఖానాలు వెలసినవి, కాని బి.పి. మాత్ర మానివేసిన వృద్ధుని తలుపు తట్టి అచ్చటికి తోడుకొనిపోవు మనిషి యుండవలెను గదా!

ఇక షెడ్లలోని కూలీల సంగతి. నిర్మాణ కార్మికులకు తాత్కాలిక వసతి, వేరుగా వంటచోటు, స్నానపు గది, మరుగుదొడ్డి యజమాని కల్పింపవలెనని 1996లో పార్లమెంటు చేసిన చట్టము విధించెను. ఏబదికి మించి స్త్రీలు పనిచేయుచోట పిల్లల గది యుండవలెననెను. చట్టముల పేర్లు మారవచ్చును. పసిబిడ్డకు నీడ కావలెనను మాట మారదు. పునాది గోతులలో నిలిచిన నీట పుట్టు దోమ షెడ్డును, మేడను ఒకటిగానే చూచును.

కావున చదువరులారా, మనము చేయదగినది పెద్దదేమియు గాదు. నెలకొక ఆదివారము మధ్యాహ్నము ఇద్దరిద్దరు కలసి ఒక షెడ్డుకో, ఒక క్రొత్త కాలనీకో వెళ్లుదము. దరఖాస్తు వ్రాయరానివారికి వ్రాసి యిత్తము. టీకా తేదీ తెలియని తల్లికి తెలుపుదము. నిలిచిన నీటిని చూపి సంబంధితులకు విన్నవింతము. నూరేండ్ల క్రిందట ఈ నగరము వరదనుండియు, ప్లేగునుండియు పాఠము నేర్చినది. నేర్చినదానిని మరువకుండుట మన వంతు. గండిపేట నీరు త్రాగినవారందరికి కోకాపేటలో పిడికెడు నీడ దొరకునుగాక!