ఫ్యాను ఆపిన పది నిమిషాలు

ఫ్యాను ఆపగానే గది ఉడికిపోతుంది. రాజాం బజారు వెనక సందులో పాత పెంకుటిల్లు. వైశాఖం ఎండ. కిటికీ రెక్కలు మూసేసినా పాలకొండ బస్సు హారను లోపలికి వస్తూనే ఉంది. నవారు మంచం మీద కూర్చున్న మాస్టారు కండువాతో మెడ తుడుచుకుంటున్నారు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు ఇంగ్లిషు చెప్పిన మనిషి. ఫోను ఆయన నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టాను. ఎదురుగా పెడితే ఊపిరి తగిలి బుస్సుమంటుంది.

ఆయన చేతిలో కాగితం, దాని మీద 69 ఇంగ్లిషు మాటలు. అమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ వైన్‌బర్గర్ అనే భాషాశాస్త్రవేత్త 1999లో మొదలుపెట్టిన స్పీచ్ యాక్సెంట్ ఆర్కైవ్ అనే యాసల భండారంలో, ఏ దేశం వాళ్లయినా ఈ ఒక్క పేరానే చదువుతారు. స్టెల్లా అనే ఆవిడకు కబురు చేసి సామాన్లు తెమ్మనడం, బుధవారం రైల్వే స్టేషన్‌లో కలవడం, అంతే కథ. కానీ ఇంగ్లిషు ధ్వనులు దాదాపు అన్నీ అందులో ఇమిడ్చారు. మాటలు అందరికీ ఒకటే కాబట్టి, తేడా ఏదైనా వినిపిస్తే అది నోటిదే.

"బ్లూ చీజంటే ఏటి బాబూ?"

"జున్నులాంటిది మాస్టారూ. లోపల నీలం బూజు చారలుంటాయి."

ఆయన నవ్వి కళ్లజోడు సర్దుకుంటారు. రాజాంలో ఆ చీజూ లేదు, రైలు స్టేషనూ లేదు. బండెక్కాలంటే చీపురుపల్లో పొందూరో పోవాలి.

మీట నొక్కాను. చదువుతున్నారు. వినండి: 'స్పూన్స్' ముందు సన్నగా ఒక 'ఇ', ఇస్కూలు అనేటప్పటి 'ఇ'. పేరాలో అడుగడుగునా ఇలాంటి సకారాలే, ప్రతిచోటా ఆ 'ఇ' తొంగిచూస్తోంది. 'చీజ్' చివర జల్లెడలోని జ. 'థిక్' దగ్గర నాలుక పళ్ల మధ్యకు రాలేదు, మన థకారం దగ్గరే ఆగింది. 'వెన్స్‌డే' మొదట్లో వకారం దాదాపు కరిగిపోయింది. 'వెళ్తాను'ని 'ఎల్తాను' చేసే నోరే కదా అది!

తరువాత చిన్న కాగితం ముక్క ఆయన పెదాల ముందు పట్టుకుని 'కాల్' అనమన్నాను. కాగితం కదల్లేదు. ఇంగ్లండు మనిషి ఆ మాట అంటే అది ఎగిరి పడుతుంది. మాట మొదట వచ్చే ప, ట, కలను వాళ్లు ఊపిరితో తోస్తారు. తెలుగు నోరు ఆ ఊపిరి ఖర్చుపెట్టదు.

"తప్పు చదివీసేనా?" మాస్టారి ముఖం చిన్నబోయింది. వద్దంటున్నా రెండోసారి అందుకున్నారు. ఈసారి పాత రేడియో వార్తల గొంతు. ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుంది, 'ఇ' మాయమైంది. రెండూ దాచాను, కానీ నాకు ప్రాణం మొదటిదే. ఈ సీమలోనే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర గిరిజనుల మాటను వాళ్లు పలికినట్టే రాసుకున్నారు. ఆ శ్రమే 1931లో వ్యాకరణమై, 1938లో నిఘంటువై అచ్చయింది. మనిషిని దిద్దకుండా వినడం ఆయన దగ్గర నేర్చుకోవలసిన విద్య. మాస్టారికి అదే చెప్పాను. తలూపారు గానీ పూర్తిగా నమ్మినట్టు లేరు.

ఇంటర్ చదువుతున్న మనవరాలు వచ్చి కూర్చుంది. ఎల్కేజీ నుంచీ ఇంగ్లిషు మీడియం. గడగడా చదివేసింది, 'స్పూన్స్' ముందు 'ఇ' లేదు. అయితే 'టాయ్'లో టకారం అచ్చం తాతగారిదే, నాలుక వెనక్కి మడిచి పలికింది. కాగితం పట్టాను. ఆమె ముందూ కదల్లేదు. నా ఒళ్లు జలదరించింది.

ఇక వివరాల పత్రం. పుట్టిన ఊరు? రాజాం. మాతృభాష? తెలుగు. ఇంగ్లిషు నేర్చుకోవడం ఏ వయసులో మొదలైంది? ఆమె నాలుగు అంది. మాస్టారు వేళ్లు మడిచి లెక్కపెట్టి "పదకొండు" అన్నారు. ఇంకే భాషలు వచ్చు అంటే, "ఒడియా ఇన్నానంటే తెలస్తాది" అన్నారు.

రాసుకుంటూ చూస్తే ఫోనులో ఎర్రచుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. ఆపబోతుంటే మాస్టారు లోపలికి తిరిగి గొంతెత్తారు:

"ఓలమ్మా, బేగి ఫ్యానెయ్యే!"

అదీ రికార్డయింది.