ఆనెకాయలు

పాదంలో ఒకేచోట నెలల తరబడి ఒత్తిడి, రాపిడి పడితే చర్మం తనను కాపాడుకోవడానికి కెరటిన్ పొరలను మందంగా పేర్చుకుంటుంది. ఆ పొరల నడుమ గట్టి మొన ఏర్పడి లోపలికి నొక్కుతుంటే అదే ఆనెకాయ. అందుకే దాన్ని కోసి తీసినంత మాత్రాన నయమైనట్టు కాదు; ఒత్తిడి మిగిలితే ఆనె మళ్లీ వస్తుంది. బిగువు బూట్లు, ఎత్తు మడమల చెప్పులు, వంకర వేళ్లు, పొడుచుకొచ్చిన ఎముక ఇందుకు ముఖ్య కారణాలు. మరి తణుకు, తాడేపల్లిగూడెం వరిపొలాల్లో, కొల్లేరు చేపల చెరువుల గట్లపై వట్టికాళ్లతో తిరిగేవారి సంగతేమిటని అడగవచ్చు. చెప్పు లేకపోయినా శరీర బరువు, నేల గరుకుదనం పాదం మీద పడుతూనే ఉంటాయి. సాధారణంగా అరికాలంతా పరుచుకున్న మందపు చర్మమే ఏర్పడినా, ఎముక ఎక్కువగా మోపుకునే చోట అది ఆనెగా మారగలదు. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా అలాంటి గట్టితనం రావచ్చు కనుక, పల్లెల్లో ముల్లును తప్పుపట్టడం పూర్తిగా నిరాధారం కాదు. అయితే ప్రతి ఆనెలో ముల్లుండదు.

గోరువెచ్చని నీటిలో పాదాన్ని నానబెట్టి, ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్ది, ఒత్తిడి తగ్గించే మెత్తని పట్టీ పెట్టడం తొలి చికిత్స. సాలిసిలిక్ ఆమ్లపు పట్టీలు గట్టి చర్మాన్ని మెత్తబరుస్తాయి, కానీ చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ కాల్చగలవు. షుగరు వ్యాధి వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు వీటిని సొంతంగా వాడకూడదు, ఇంట్లో బ్లేడుతో అసలే కోసుకోకూడదు: తెలియకుండా పడిన చిన్న గాయం మానని పుండై, కాలికే ముప్పు తేవచ్చు. వేళ్లు కదలడానికి చోటున్న చెప్పులు కొనడం, తడి పని ముగిశాక వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవడం నివారణలో ముఖ్యం.