వెలివేతకు బదులు వలయం

బడిలో ఒక పిల్లవాడు ఇంకొకణ్ని కొట్టినా, దొంగతనం చేసినా, టీచరుకు ఎదురుతిరిగినా చాలాకాలం పెద్దల చేతిలో ఉన్న సాధనాలు రెండే: బెత్తం, టీసీ. కొడితే అక్కడితో సరి, కాదంటే టీసీ చేతికిచ్చి పంపడమే. ఈ రెండింటిలోనూ దెబ్బ తిన్న పిల్లవాడి ఊసు లేదు. వాడికి ఏం పోయింది, రేపు అదే తరగతిలోకి ఏ ధైర్యంతో వస్తాడు అని ఎవరూ అడిగేవారు కాదు. రెస్టోరేటివ్ పద్ధతులు అనే పేరుతో ఇప్పుడు అనేక దేశాల బడుల్లో నడుస్తున్న ఏర్పాటు ఈ ప్రశ్నలనే ముందు పెడుతుంది. జరిగిన నష్టం ఏమిటి, ఎవరికి, దాన్ని పూడ్చవలసింది ఎవరు అన్నదే దాని విచారణ. ఈ ఆలోచన బడిలో పుట్టలేదు, కోర్టు మెట్లు దిగి బడికి వచ్చింది.

కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో ఎల్మైరా అనే చిన్న ఊరుంది. 1974 మే నెలలో ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లు తాగిన మైకంలో ఆ ఊళ్లో 22 చోట్ల విధ్వంసం చేశారు. అద్దాలు పగలగొట్టారు, కార్ల టైర్లు కోశారు. వాళ్ల కేసు చూస్తున్న ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ, శాంతివాద క్రైస్తవులైన మెనొనైట్ల సంఘంలో పనిచేసే డేవ్ వర్త్ కలిసి జడ్జికి ఒక మాట చెప్పారు. ఈ కుర్రాళ్లు నష్టపోయినవాళ్ల ఇళ్లకు స్వయంగా వెళ్తే మంచిదన్నారు. జడ్జి మొదట తటపటాయించినా చివరికి ఒప్పుకున్నాడు. కుర్రాళ్లు ఒక్కో గడపా ఎక్కి తలుపు తట్టారు, ఆ పని చేసింది తామేనని చెప్పారు, ఎంత నష్టమైందో అడిగారు. యాంట్జీ, వర్త్ నోట్ పుస్తకాలు పట్టుకుని వెనక నిలబడ్డారే తప్ప వాళ్ల తరఫున మాట్లాడలేదు. కొద్ది నెలల్లో నష్టపరిహారం చెల్లింది. రెస్టోరేటివ్ న్యాయానికి ఆధునిక కాలంలో తొలి అడుగు ఇదేనని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు.

ఎల్మైరాలో జరిగింది ఇద్దరు మంచి మనుషుల చొరవ. ఇలాంటి ఆలోచన చట్టంగా మారింది న్యూజిలాండ్‌లో. అక్కడి మూలవాసులైన మావోరీల పిల్లలు జనాభాలో తమ వాటాకు మించి కోర్టుల్లో, సంస్కరణ గృహాల్లో కనిపిస్తూ ఉండేవారు. 1980ల్లో జాన్ రంగిహౌ అధ్యక్షతన పనిచేసిన కమిటీ దీనికి కారణం పిల్లల్లో కాదు, వ్యవస్థలోనే ఉందని చెప్పింది. తప్పు చేసిన బిడ్డను కుటుంబం నుంచి, వంశం నుంచి విడదీసి ఒంటరిగా నిలబెట్టడం మావోరీ సంప్రదాయానికి పూర్తిగా విరుద్ధం. తప్పులో కుటుంబానికి భాగం ఉన్నట్టే దిద్దుబాటులోనూ ఉంటుందని వాళ్ల నమ్మకం. ఈ వాదన ప్రభావంతో 1989లో పిల్లలు, యువత, వారి కుటుంబాల చట్టం వచ్చింది. కుటుంబ సమావేశం అనే కొత్త పద్ధతిని అది న్యాయ ప్రక్రియలో భాగం చేసింది.

ఆ సమావేశంలో ఒక ఘట్టం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. నష్టపోయిన మనిషి, పోలీసు అధికారి, సమావేశం నడిపే ఉద్యోగి తమకు తెలిసినదంతా చెప్పాక గదిలోంచి బయటికి వెళ్లిపోతారు. కుటుంబం ఒక్కటే లోపల మిగులుతుంది. తాతలు, అత్తలు, మేనమామలు కూర్చుని బిడ్డ ఏం చేయాలో, తాము ఏ పూచీ పడతారో తేల్చుకుని తలుపు తీస్తారు. ఆ తర్వాతే అందరి ఒప్పందం కుదురుతుంది. ప్రభుత్వం తన అధికారాన్ని కాసేపు పక్కనపెట్టి కుటుంబాన్ని నమ్మడం అప్పటికి చిన్న విషయం కాదు.

మన రచ్చబండకూ దీనికీ పోలిక కనిపిస్తుంది గానీ తేడా పెద్దది. ఊరి పంచాయతీలో పెద్దమనుషులు తీర్పు చెబుతారు, తప్పు కట్టమంటారు. ఎవరి మాట చెల్లాలో కులమూ కలిమీ నిర్ణయించిన సందర్భాలు కోకొల్లలు. రెస్టోరేటివ్ సమావేశంలో తీర్పరి ఉండడు. నడిపేవాడి పని ప్రశ్న అడగడం, మాట్లాడేవాడికి అడ్డు రాకుండా చూడటం, అంతవరకే.

న్యూజిలాండ్ నమూనా సముద్రం దాటి ఆస్ట్రేలియా చేరింది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం వాగా వాగా పట్టణంలో 1991 ప్రాంతంలో టెర్రీ ఒకానెల్ అనే పోలీసు సార్జెంటు బాల నేరస్తుల కేసుల్లో దీన్ని తనదైన రీతిలో వాడాడు. అక్కణ్నుంచి బడికి ఒక్క అడుగే. 1994లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని మరూచిడోర్ ప్రభుత్వ హైస్కూల్లో స్కూలు డాన్సు వేడుక సందర్భంగా ఒక తీవ్రమైన దాడి జరిగింది. ఆ ప్రాంతపు విద్యార్థి సలహాదారు మార్గరెట్ థోర్స్‌బోర్న్, కొట్టినవాళ్లనూ దెబ్బలు తిన్నవాళ్లనూ రెండు వైపుల తల్లిదండ్రులనూ ఒకచోట కూర్చోబెట్టారు. బడిలో జరిగిన మొట్టమొదటి రెస్టోరేటివ్ సమావేశంగా దీన్ని చెబుతారు.

ఇలాంటి సమావేశంలో కుర్చీలు గుండ్రంగా వేస్తారు, మధ్యలో బల్ల ఉండదు. ముందు తప్పు చేసిన పిల్లవాణ్ని అడుగుతారు: ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నావు, ఇప్పుడు ఏమనిపిస్తోంది, నీ వల్ల ఎవరికి ఏమైంది? ఎందుకు చేశావని మాత్రం అడగరు. ఆ ప్రశ్న పిల్లల చేత సాకులు చెప్పిస్తుందే తప్ప నిజం చెప్పించదు. తర్వాత దెబ్బ తిన్నవాడు, వాడి అమ్మానాన్నలు, చివర్లో కొట్టినవాడి కన్నవాళ్లు మాట్లాడతారు. జరిగినదాన్ని సరిదిద్దడానికి ఏం చేయాలో తేలాక రాసి సంతకాలు పెడతారు. కాఫీ, తినుబండారాలు పెట్టడం కూడా పద్ధతిలో భాగమే, అసలు మాటలు కలిసేది అక్కడే. ఒకటి రెండు గంటల ఈ సమావేశానికి ముందు నడిపేవాళ్లు ఒక్కొక్కరినీ విడివిడిగా కలిసి సిద్ధం చేయాలి. ఇష్టం లేనివాళ్లను బలవంతాన కూర్చోబెట్టకూడదు. ఈ ముందు పని మానేసి, ఇద్దరినీ పిలిచి సారీ చెప్పించి పంపేస్తే దాన్ని రెస్టోరేటివ్ అనడానికి వీల్లేదు.

న్యూజిలాండ్ బడుల్లోకి ఈ పద్ధతి వచ్చింది 1990ల చివర్లో. బడినుంచి సస్పెండయ్యే పిల్లల సంఖ్య, ముఖ్యంగా మావోరీ పిల్లల సంఖ్య పెరుగుతుంటే విద్యాశాఖ వైకాటో విశ్వవిద్యాలయం చేత ప్రయోగాత్మకంగా సమావేశాలు నడిపించింది. అమెరికాలో కథ ఇంకా కఠినంగా ఉండేది. 1994 తర్వాత అక్కడి బడుల్లో ఏ తప్పునూ ఉపేక్షించని ‘జీరో టాలరెన్స్’ విధానం పాతుకుపోయింది. తుపాకులను అడ్డుకోవడానికి మొదలైన నిబంధన చివరికి చిన్నచిన్న అల్లర్లకూ వర్తించి, నల్లజాతి పిల్లలను ఎక్కువగా వీధిపాలు చేసింది. దీనికి జవాబుగా కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఫానియా డేవిస్ 2005లో ఒక సంస్థ పెట్టారు. 2007లో అక్కడి కోల్ మిడిల్ స్కూల్లో వలయాలు మొదలయ్యాయి. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, ఒక వస్తువు చేతులు మారుతుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడతారు. ఉత్తర అమెరికా మూలవాసుల నుంచి తీసుకున్న ఈ పద్ధతిని గొడవ జరిగినప్పుడే కాక మామూలు రోజుల్లోనూ వాడతారు. గొడవ రాకముందే మాట అలవాటు కావాలన్నది ఇందులో కిటుకు.

పిల్లల మనోభావాలను పాఠంలో భాగం చేయాలన్న ఉద్యమం వేరే దారిలో నడిచి వచ్చింది. 1968లో యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు జేమ్స్ కోమర్, న్యూ హేవెన్‌లోని రెండు పేద బడుల్లో తల్లిదండ్రులను, టీచర్లను, మానసిక నిపుణులను ఒక్క జట్టు చేశారు. 1994లో కాసెల్ అనే సంస్థ ఏర్పడి కోపాన్ని గుర్తించడం, అదుపు చేసుకోవడం, ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం వంటివి నేర్పించదగ్గ విద్యలేనని ప్రచారం చేసింది. తన కోపానికి పేరు పెట్టలేని పిల్లవాడు వలయంలో కూర్చున్నా మూగవాడే. అందుకే ఈ రెండు పాయలూ కలవక తప్పలేదు.

ఫలితాలన్నీ తీపివే కావు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 44 బడుల్లో జరిపి 2018లో ప్రచురించిన ర్యాండ్ సంస్థ అధ్యయనంలో సస్పెన్షన్ రోజులు తగ్గాయి, బడి వాతావరణం బాగుపడిందని టీచర్లు చెప్పారు. అయితే ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల చదువు మెరుగుపడకపోగా కొంత తగ్గింది. శిక్షణకూ సమయానికీ ఖర్చు పెట్టకుండా పేరు ఒక్కటే తెచ్చుకున్న బడులు దీన్ని శ్రద్ధగా చదవాలి.

తెలుగునాట వీధిబడుల కాలం నుంచి శిక్షల జాబితా పెద్దదే: బెత్తం, గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, చేతులు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో బడుల్లో శారీరక దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్, కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి దాకా సాగే ప్రాథమిక విద్య ముగిసేదాకా పిల్లలను బడినుంచి వెళ్లగొట్టే వీలు లేకుండా చేసింది. బెత్తమూ టీసీ రెండూ పోయాయి. వాటి స్థానంలో ఏం పెట్టాలో మాత్రం టీచర్లకు ఎవరూ సరిగా నేర్పలేదు. అరవై మంది ఉన్న తరగతిలో ఒట్టి చేతులతో నిలబడిన టీచరు పాత అలవాటుకే పోతే తప్పు ఆ టీచరు ఒక్కరిదే అనలేం.

ఆ ఖాళీని పూరించే పని ఆలస్యంగానైనా మొదలైంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశవ్యాప్త మార్గదర్శకాలిచ్చింది. వాటి ప్రకారం వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. కార్పొరేట్ కాలేజీలకూ కోచింగ్ సెంటర్లకూ ఇది వర్తిస్తుంది. తమ పిల్లలు చదివే చోట ఆ కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో తల్లిదండ్రులు ఈ ఏడాది ఫీజు కట్టేటప్పుడే అడగాలి.