కుక్కపిల్ల, వాకిలి, పద్నాలుగు సూదులు

వచ్చే నెల మా ఫ్లాటుకి ఒక కుక్కపిల్ల రాబోతోంది. మా అమ్మాయి రెండేళ్ళ పోరు ఫలితం. తల్లీకూతుళ్ళు కలిసి ఒక ఎక్సెల్ షీటు తయారుచేశారు. పరుపు, చువ్వల బోను (దాన్ని క్రేట్ అనాలట), స్టీలు గిన్నెలు రెండు, మెడపట్టీ, నైలాన్ తాడు, పళ్ళు వచ్చేటప్పుడు కొరకడానికి రబ్బరు ఎముక, ఒంటికి పోయడానికి ప్యాడ్లు, బాల్కనీకి వల, మూడు కిలోల పప్పీ ఫుడ్డు... మొత్తం ఇరవై మూడు లైన్లు. చివరి కాలమ్‌లో రేట్లు, కింద టోటల్. ఆ టోటల్ సంగతి ఇక్కడ వద్దులెండి :)

దేవరకొండ దగ్గర మా ఊళ్ళో ఉండే మా నాయినకి ఇదంతా ఫోన్లో చదివి వినిపించా. "కుక్కపిల్లకు పరుపేందిరా? మాకే లేకపాయె" అని నవ్వాడు. "మనం కుక్కకు ఏం కొన్నం? ఒక పగిలిన చిప్ప. అది కూడా కొన్నది కాదు."

నిజమే, కొనలేదు. కానీ ఆలోచిస్తే ఆ ఇరవై మూడు లైన్లూ మా ఊళ్ళోనూ ఉండేవి. ఎవరూ రాసుకోలేదు, రేటు కట్టలేదు, అంతే. అవన్నీ కలిపి ఒక్క మాటలో చెప్పాలంటే వాకిలి.

పరుపు అంటే పొయ్యిలోంచి తీసి పోసిన బూడిద కుప్ప, చలికాలమైతే ఒక గోనెసంచి. క్రేట్ అంటే కోళ్ళని కమ్మే గంప. కొత్తగా తెచ్చిన పిల్ల రాత్రి పారిపోకుండా దాని మీద గంప బోర్లించి పైన ఒక రాయి పెట్టేవాళ్ళు. ప్యాడ్లు అంటే ఇంటి వెనక పెంటకుప్ప. రబ్బరు ఎముకకి బదులు నిజం ఎముకే, ఆదివారం ఆదివారం. ట్రైనర్ అంటే ఆ పిల్ల తల్లి, వాడలో పెద్ద కుక్కలు. ఆటలో గట్టిగా కొరికితే అవి తిరిగి ఒకటి తగిలించేవి. ఎంత గట్టిగా కొరకొచ్చో పిల్లకి అలా తెలిసేది.

ఇందులో ఒక సంగతి సైన్సు వాళ్ళకి చాలా ఆలస్యంగా తెలిసింది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి చూసి 1965లో ఒక పుస్తకం వేశారు. పిల్లకి సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక కిటికీ తెరుచుకుని ఉంటుంది, ఆ లోపల చూసిన మనుషులు, జంతువులు, చప్పుళ్ళే దానికి జన్మంతా మామూలు విషయాలు, ఆ తర్వాత చూసినవి చాలావరకు భయాలు, అని దాని సారాంశం. మా వాకిట్లో పెరిగే పిల్ల ఆ తొమ్మిది వారాల్లో బర్రెలు, కోళ్ళు, ముసలాళ్ళు, పోరగాళ్ళు, ఆర్టీసీ బస్సు, పెళ్ళి బ్యాండు అన్నీ చూసేసేది. పన్నెండో అంతస్తులో పెరిగే పిల్ల లిఫ్టు చూస్తుంది.

అలాగని మన వాళ్ళు కుక్కని నెత్తిన పెట్టుకున్నారని కాదు. మన సామెతలు చూడండి. కుక్కతోక వంకర, కుక్క కాటుకి చెప్పుదెబ్బ, కుక్కలు చింపిన విస్తరి. మెచ్చుకునే మాట ఒక్క విశ్వాసం, అది కూడా చాలాసార్లు మనిషిని తిట్టడానికే వాడతాం. అన్నం పెడతాం, గడప దాటనివ్వం. భారతంలో ధర్మరాజు కథ కూడా గడప దగ్గర గొడవే కదా. హిమాలయాల దాకా వెంట నడిచిన కుక్కకి స్వర్గంలోకి ప్రవేశం లేదంటాడు ఇంద్రుడు, అది లేకుండా నేనూ రానంటాడు ఈయన. సొసైటీ వాట్సప్ గ్రూపుల్లో ఈ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది :)

అయితే నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోనే ఆ గడప అంతగా పట్టని వాళ్ళున్నారు. కృష్ణ ఒడ్డున అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులు. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త వాళ్ళ మధ్య ఉండి పనిచేశాడు. (యుద్ధం మొదలయ్యేసరికి జర్మన్ పాస్‌పోర్టు చేతిలో ఉన్న పాపానికి ఆయన బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం దాటి పోకూడదన్నారు. మనకి మంచిదే అయింది.) 1943లో వచ్చిన ఆయన పుస్తకం, చెంచుల గురించి ఇప్పటికీ మొదట చదవాల్సింది. అడవిలో దుంపలు తవ్వి, వేటాడి బతికే వాళ్ళకి కుక్క అంటే పనిలో తోడు. ఆకుల గుడిసెకి గడపే సరిగ్గా ఉండదు, ఇక దాటనివ్వకపోవడం ఎక్కడ?

ఇంకో వైపు కురుమలు, గొల్లలు. పాలమూరు మెట్ట నేలల మీద గొర్రెల మందలు నడిపి, నల్ల ఉన్నితో గొంగడి నేసి బతికిన కులాలు. ఎండాకాలం మందతో పాటు నెలల తరబడి ఊరు విడిచి తిరగాలి, రాత్రి చేలో మంద ఆపాలి, తోడేలు రాకుండా చూడాలి. వాళ్ళ కుక్కపిల్లకి ఇల్లు అంటే మందే. ఈ పశువుల కాపరుల దేవుడు మల్లన్నని మరాఠీ వాళ్ళు ఖండోబా అంటారు. ఆయన పటాల్లో పక్కన కుక్క ఉంటుంది. ఆయనకి మొక్కుకున్న వాఘ్యాలు తామే దేవుడి కుక్కలమని చెప్పుకుంటారు. కర్ణాటకలో మైలారం గొరవయ్యలు కుక్కల్లా మొరుగుతూ గిన్నెలో మూతి పెట్టి తినడం ఒక మొక్కు. తిట్టుమాటగా వాడే జంతువు అవతారం ఎత్తడమే పుణ్యమైన సంప్రదాయం దక్కనులో ఉందన్నమాట. నా అభిప్రాయం ఏంటంటే, కుక్కతో కలిసి పనిచేసిన వాళ్ళు దాన్ని గౌరవించారు. పని లేని వాళ్ళు అన్నం పెట్టి అదిలించారు.

మరి డబ్బు పెట్టి కొనడం ఎప్పుడొచ్చింది? ఇది ఇంగ్లీషు వాళ్ళ సరుకు. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ 1860ల్లో లండన్‌లో కుక్క బిస్కట్లు అమ్మడం మొదలుపెట్టాడు. 1873లో అక్కడ కెన్నెల్ క్లబ్ పెట్టి జాతులకి రిజిస్టర్లు తెరిచారు. ఆ స్ప్రాట్ దగ్గరే పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో పెద్ద కుక్కల ప్రదర్శన పెట్టాడు, అది ఈనాటికీ క్రఫ్ట్స్ పేరుతో జరుగుతోంది. అంటే జాతి, తిండి, ప్రదర్శన మూడూ కలిసే పుట్టాయి. బిస్కట్లు అమ్మేవాడికి కుక్కలంటే పిచ్చి ఉన్న జనం కావాలి కదా. ఆ అలవాటు కంటోన్మెంట్ల దాకా, అక్కడి నుంచి దొరల గడీల దాకా వచ్చింది. మా నాయనమ్మ దాన్ని సీమకుక్క అనేది. ఊరి పిల్లలకి గట్క, గడీలో బొచ్చుకుక్కకి పాలన్నం, అని ఆవిడ చెప్పే పద్ధతిలో కోపమూ ఉండేది, కుక్క మీద కాస్త జాలీ ఉండేది. మన తరానికి వచ్చేసరికి గడీ పని టీవీ చేసింది. 2003లో హచ్ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట పగ్ నడవగానే ఊరూరా పగ్‌లు వెలిశాయి. చదునైన ముక్కుతో సరిగ్గా ఊపిరాడని ఆ జీవిని మన మే నెల ఎండలోకి తెచ్చిపెట్టాం. ఇప్పుడు హస్కీల వంతు.

గట్క అంటే గుర్తొచ్చింది. జొన్న గట్క, మజ్జిగ తిని బతికిన మా ఊరి కుక్కలు పాపం పోషణ లేనివని నేనూ అనుకునేవాడిని. 2013లో ఆక్సెల్సన్ బృందం కుక్క, తోడేలు జన్యువులు పోల్చి చూసింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకి రెండు కాపీలుంటే కుక్కకి చాలా ఎక్కువ ఉన్నాయి. మనిషి వ్యవసాయంలోకి దిగాక వాడి ఎంగిలి తిని కుక్క మారింది. మనం జొన్న తింటూ ఉంటే అదీ తింది, దాని జన్యువులో ఆ సంగతి రాసి ఉంది. (పెరిగే పిల్లకి గట్క ఒక్కటే సరిపోదు, గుడ్డో మాంసమో కావాలి, అది వేరే సంగతి.)

ఇక్కడిదాకా వచ్చాక వాకిలిని పొగిడి ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ వాకిలి ఇవ్వని లైను ఒకటుంది.

1974లో మా నాయిన చిన్నాన్న కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, ఒక కుక్కపిల్లని తెచ్చుకున్నాడు. అదే గంప, అదే గోనెసంచి. ఒకరోజు అది వాడి వేలు కొరికింది, చిన్న గాటు. పసుపు, సున్నం పెట్టారు. పిల్లే కదా. నాలుగు రోజులకి ఆ పిల్ల చచ్చిపోయింది. ఊళ్ళో కుక్కపిల్లలు ఎన్ని చావవు? ఎవరూ ఏమీ అనుకోలేదు. రెండు నెలల తర్వాత వాడు నీళ్ళ చెంబు చూసి అరవడం మొదలుపెట్టాడు. మూడో రోజుకి పోయాడు. రేబిస్ లక్షణాలు కనపడ్డాక చేసేదేమీ ఉండదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ దాదాపు లేదు.

ఆ తర్వాత, ఆ పిల్లని ఎత్తుకున్న వాళ్ళందరినీ బస్సెక్కించి హైదరాబాదు తీసుకెళ్ళారు, నారాయణగూడ ఐపీఎంకి. అందులో మా నాయినా ఉన్నాడు. రోజుకొకటి చొప్పున బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. పొట్ట మీద రోజుకొక కొత్త చోటు వెతికి పొడిచేవాళ్ళని, పదో రోజుకి చొక్కా తగిలినా మంటే అని చెప్తాడు.

ఆ సూది కథ కూడా వినాలి. పాశ్చర్ 1885 జూలైలో జోసెఫ్ మైస్టర్ అనే పిల్లాడికి మొదటిసారి టీకా ఇచ్చాడు. మన దేశంలో కసౌలిలో 1900లో, కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థలు వచ్చాయి. కసౌలిలోనే 1911లో డేవిడ్ సెంపుల్ ఒక పద్ధతి కనిపెట్టాడు. గొర్రె మెదడులో వైరస్‌ని పెంచి, కార్బాలిక్ ఆమ్లంతో చంపి, దాన్నే టీకాగా ఇవ్వడం. చవక, దేశంలోనే తయారు చేసుకోవచ్చు. ఇబ్బందల్లా ఆ మెదడు కణజాలం వల్ల కొందరికి పక్షవాతం వచ్చేది. మిగతా ప్రపంచం కణాల్లో పెంచిన టీకాలకి మారాక కూడా మనం దాన్నే పట్టుకుని వేలాడాం, 2004 చివరికి గానీ తయారీ ఆపలేదు. అంటే మనలో చాలామంది అప్పటికి ఉద్యోగాల్లో చేరిపోయి ఉన్నాం. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులు, గాయం లోతుగా ఉంటే అక్కడే ఇమ్యునోగ్లోబ్యులిన్, అన్నిటికంటే ముందు పదిహేను నిమిషాలు సబ్బుతో కడగడం. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు గుర్తు చేసుకోండి, 1982లో ఎన్‌డీడీబీ పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అక్కడే ఉంది. మనిషికి వేసే అభయ్‌రాబ్, కుక్కకి వేసే రక్షారాబ్ రెండూ వాళ్ళవే. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్‌తో ఏటా 59 వేల మంది పోతున్నారు, అందులో మూడో వంతుకి పైగా మన దేశంలోనే.

మా ఎక్సెల్ షీటులో టీకా పంతొమ్మిదో లైనులో ఉంది, షాంపూ కింద. నాయిన ఫోన్లో మొదట అడిగింది అదే. "సూది ఏయించిందేనా? దాని తల్లికి ఏయించిన్రా?" నేను ఆ లైనుని పైకి జరిపాను.

వాకిలికి, ఫ్లాటుకి మధ్య పడిన దూరం మన జిల్లాల్లో మామూలుది కాదు. పాలమూరు లేబర్ అని పేరుపడ్డ జనం దేశమంతా ప్రాజెక్టులు, రోడ్లు, మన ఆఫీసు భవనాలు కట్టడానికి పోయారు. ఇళ్ళకి తాళాలు, ఊళ్ళో ముసలాళ్ళు, వాకిట్లో కుక్క. పెట్టే చెయ్యి పోతే కుక్క గుంపులో కలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో రాత్రిపూట వచ్చి 20 ఊరకుక్కల్ని కాల్చి చంపారు. పోలీసులు తర్వాత కొందరిని అరెస్టు చేసి చెప్పిన కారణం, ఊరకుక్కలు తమ పెంపుడు కుక్కని చంపాయన్న కక్ష. పేపర్లో చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా. ఒక కుక్క మీద ప్రేమ, ఇరవై కుక్కల చావు.

సరే, మా ఇంటి సంగతి. బ్రీడర్ దగ్గర కొనడం లేదు. మా ఊళ్ళో చిన్నాయన వాళ్ళ ఊరకుక్క ఈనింది, తల్లికి సూదులు వేయించాం. ఎనిమిది వారాలు నిండాకే తెస్తాం. అంతకన్నా చిన్న పిల్లని అమ్మకూడదని 2017 నుంచి చట్టం కూడా ఉంది, మాది అమ్మకం కాకపోయినా. అసలు చిక్కు రెండు డెడ్‌లైన్ల మధ్య. పార్వో టీకాలు పదహారో వారం దాకా సాగుతాయి, అప్పటిదాకా నేల మీద దింపొద్దంటారు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. స్కాట్, ఫుల్లర్ల కిటికీ పన్నెండో వారానికే మూసుకుంటుంది. అందుకని రోజూ సాయంత్రం చంకనెత్తుకుని కిందకి తీసుకెళ్ళాలి. వాచ్‌మన్, కూరగాయల బండి, స్కూలు బస్సు, అన్నీ ఎత్తు మీద నుంచే చూపించాలి. ఆ డ్యూటీ నాది.

పరుపు కొట్టేశాం, గోనెసంచి ఊరి నుంచే వస్తుంది, తల్లి వాసనతో సహా. క్రేట్ ఉంచాం, ఈ ఊళ్ళో గంప ఎక్కడ దొరుకుతుంది. బాల్కనీ వల కట్టారు. వైర్లు పైకి ఎత్తాం, ఎలుకల మందు పారేశాం, కిస్‌మిస్ డబ్బా, చాక్లెట్లు పై అరలోకి వెళ్ళాయి. ఉల్లిగడ్డల బుట్ట కూడా. పగలంతా ఇంట్లో ఎవరుంటారనే లైను మాత్రం షీటులో ఇంకా ఖాళీగా ఉంది. నేను వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళాలి, మా ఆవిడ రెండు. ఒక నెల వచ్చి ఉండమని నాయినని అడిగాను. "కుక్క కోసం పిలుస్తున్నవా నన్ను?" అన్నాడు. టికెట్ అయితే బుక్ చేయించుకున్నాడు.