కత్తి పట్టడమే నేరమైన కాలంలో

2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చింది. పిల్లలున్న ఇళ్లలో రాక్షసుల్ని వేటాడే కుర్రాడు తాంజిరో పేరు ఇప్పుడు కొత్త కాదు. కోయోహారు గోతోగే 2016 నుంచి 2020 దాకా షోనెన్ జంప్ వారపత్రికలో గీసిన మాంగా దీనికి మూలం. పుస్తకాలుగా 23 సంపుటాలు. దాని ఆధారంగా ఫుకుఓకా నగరంలోని సైబర్‌కనెక్ట్ టూ సంస్థ తయారుచేసిన ఫైటింగ్ గేమ్ ‘హినోకామి క్రానికల్స్’ 2021 అక్టోబరులో వచ్చింది, రెండో భాగం 2025 ఆగస్టులో వచ్చింది. తలలు తెగిపడే ఈ గేమ్‌ని చూసి, ఇదంతా వట్టి కత్తియుద్ధం అనుకోవడం తేలిక. నేను స్థిరపడిన జపాన్ ఆధునికం కావడానికి ఎవరు మూల్యం చెల్లించారో అర్థం చేసుకోవాలంటే, పాఠ్యపుస్తకం కంటే ముందు ఈ గేమ్‌లోని కథాభాగం చూడమని చెబుతాను. రాక్షసులూ కత్తులూ కల్పితాలే. కథ జరిగే కాలాన్ని మాత్రం రచయిత అలంకారానికి ఎంచుకోలేదు.

ఆ కాలం పేరు తైషో. 1912 జులైలో మెయిజీ చక్రవర్తి చనిపోగానే మొదలై 1926 డిసెంబరుతో ముగిసింది. బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన 1913, మన్యంలో అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ల మీద పడిన 1922, రెండూ ఈ లెక్కలో తైషో సంవత్సరాలే. అంతకుముందు నలభై నాలుగేళ్ల మెయిజీ పాలన దేశాన్ని తలకిందులు చేసింది. 1872లో షింబాషి నుంచి యోకొహామాకు తొలి రైలు నడిచింది. 1876లో సమురాయ్‌ల వారసత్వ భరణాలు రద్దయ్యాయి. అదే ఏడాది మార్చిలో సైనికులు, పోలీసులు తప్ప మామూలు మనుషులు బహిరంగంగా కత్తి ధరించి తిరగడాన్ని ప్రభుత్వం నిషేధించింది. గేమ్ తొలి ఘట్టాల్లో, కొండ మీద బందీగా ఉన్న, ఒంటినిండా చేతులున్న రాక్షసుడు తాంజిరోను చూసి ఇది మెయిజీ ఎన్నో ఏడని అడుగుతాడు. ఇప్పుడు తైషో నడుస్తోందని కుర్రాడు చెప్పగానే, యుగం మళ్లీ మారిపోయిందా అని ఒళ్లు పీక్కుంటూ అరుస్తాడు. వాడిని పట్టి బంధించింది 47 ఏళ్ల కిందట, మెయిజీకి ముందున్న ఎడో పాలన చివరి రోజుల్లో. ఆ లెక్క ప్రకారం కథ తైషో తొలి రెండు మూడేళ్లలో జరుగుతోందన్నమాట. ఒక్క రాక్షసుడి కోపంలో మూడు యుగాలు దొర్లిపోయాయి. లోకం తనను అక్కడే వదిలేసి ముందుకు సాగిపోయిందన్నదే వాడి బాధ.

రైలు ఘట్టం చూడండి. స్టేషన్‌లో ఆగి ఉన్న ఇంజన్‌ను అడవిలో పెరిగిన తాంజిరో సహచరుడు ఇనొసుకె ఏదో మహాజంతువనుకుని తలతో ఢీకొడతాడు. తాంజిరోకూ రైలంటే తెలియదు, ఆ నేలను కాచే దేవత కావచ్చునంటాడు. ఈలోగా ముగ్గురి దగ్గరా కత్తులున్నట్టు గమనించిన రైల్వే సిబ్బంది పోలీసుల్ని పిలవమంటారు. రాక్షసుల్ని వేటాడే మన దళానికి ప్రభుత్వ గుర్తింపు లేదు, కత్తి బయటికి కనిపించకూడదని పట్నం తెలిసిన జెనిత్సు మిగతా ఇద్దరికీ చెప్పాల్సి వస్తుంది. నవ్వించడానికి రాసిన సన్నివేశమే, కానీ దాని వెనక 1876 నాటి ఉత్తర్వు ఉంది. మనుషుల్ని తినే రాక్షసుల నుంచి జనాన్ని కాపాడేవాళ్లు చట్టం దృష్టిలో నేరస్తులు. కొత్త రాజ్యం తనకు కనిపించే అపాయాలకే పోలీసుల్ని పెట్టింది. కనిపించని అపాయాన్ని ఎదుర్కొనేవాళ్లు దాక్కుని తిరగాల్సి వచ్చింది.

కథ జరిగే చోట్లు కూడా కొత్త యుగం కొందరిని వదిలేసిందనే చెబుతాయి. తాంజిరో పుట్టింది కుమొతొరి పర్వతం మీద. బొగ్గు కాల్చి, బుట్టలో మోసుకెళ్లి కింద ఊళ్లో అమ్మడం ఆ ఇంటి జీవనం. ఆ పర్వతం ఏ మారుమూల రాష్ట్రంలోనో లేదు, టోక్యో పాలనా పరిధిలోనే ఉంది. అక్కడి నుంచి అసాకుసాకు వచ్చిన తాంజిరోకు రాత్రిపూట పట్టపగల్లా వెలిగే దీపాల్ని, ఆ జనాన్ని చూసి కళ్లు తిరుగుతాయి. అసాకుసాలో 1890లోనే పన్నెండంతస్తుల ర్యోఉన్‌కాకు గోపురం లేచింది, అందులో విద్యుత్ లిఫ్ట్ కూడా పెట్టారు. ఒకే పాలనలో ఒక కొసన లిఫ్ట్, మరో కొసన బొగ్గు బుట్ట. అసాకుసా గుంపులోనే తాంజిరోకు తన కుటుంబాన్ని చంపిన ముజాన్ తారసపడతాడు. వెయ్యేళ్ల నాటి రాక్షసుడు, అందరికంటే పాతవాడు. అయినా ఒంటి మీద పాశ్చాత్య సూటు, తల మీద టోపీ, చేతుల్లో బిడ్డ, పక్కన భార్య. పెద్దింటి మనిషిలా తిరుగుతుంటాడు. కొత్త యుగంలో సులువుగా ఇమిడిపోయింది అందరికంటే పాత దోపిడీదారే. గోతోగే బొమ్మల్లో నాకు బాగా బలంగా తోచిన ఆలోచన ఇది.

యోషివారా సంగతి మరింత చేదు. రెండో గేమ్‌లో ఒక ముఖ్యమైన పోరు అక్కడే. 1617లో ప్రభుత్వ అనుమతితో ఏర్పడి, 1657 అగ్నిప్రమాదం తర్వాత అసాకుసా వెనక్కి మారిన వేశ్యావాటిక అది. 1872లో పెరూ ఓడ ‘మరియా లూజ్’ యోకొహామా రేవుకు వచ్చింది. అందులో బందీలుగా ఉన్న చైనా కూలీలను జపాన్ విడిపించబోతే, మీ దేశంలో ఆడపిల్లల్ని అమ్ముకోవడం లేదా అని ఓడ తరఫు న్యాయవాది నిలదీశాడు. ఆ ఏడాదే అలా అమ్ముడైన ఆడవాళ్లకు విముక్తి ఉత్తర్వు వచ్చింది. కానీ బయానా పద్ధతి పోలేదు. తండ్రి చేతికి ముందుగా డబ్బు ముట్టేది, కూతురు అది తీరేదాకా పనిచేయాలి. తిండి, బట్ట ఖర్చు కూడా ఆ అప్పులోనే కలిసేది. రాక్షసులైన గ్యూతారో, అతని చెల్లెలు ఆ వాడలోని అట్టడుగు వీధిలో పుట్టినవాళ్లు. అతడు మనిషిగా చేసిన పని అప్పుల వసూలు. వాళ్ల కథ ఎడో కాలానిది, పోరు తైషో కాలంలో. నడుమ రాజ్యమే మారింది, అప్పు మాత్రం అలాగే ఉంది.

ఇదంతా నేను తెచ్చి అతికిస్తున్నానని కొందరనవచ్చు. మాంగాలో ఎన్నికలు లేవు, మంత్రులు లేరు, 1918లో తొయామా తీరపు మత్స్యకార స్త్రీలు మొదలుపెట్టిన బియ్యం తిరుగుబాటు లేదు. నిజమే. కానీ చరిత్ర కథలోకి రావడానికి మంత్రుల పేర్లే అక్కర్లేదు. కథను వందేళ్లు వెనక్కి జరిపితే రైలు, విద్యుద్దీపం, పోలీసు, కత్తి నిషేధం అన్నీ పోతాయి. యాభై ఏళ్లు ముందుకు జరిపితే బొగ్గు కుర్రాడి అమాయకత్వం నమ్మశక్యం కాదు. ఆ కాస్త వ్యవధిలో తప్ప నిలబడని కథకు ఆ కాలం నేపథ్యం మాత్రమే అనలేం.

రెండో అభ్యంతరం గేమ్‌కు సంబంధించినది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఫైటింగ్ గేమ్‌లో అందరికీ ఒకే పొడవు హెల్త్ బార్. గురువైనా శిష్యుడైనా, మనిషైనా రాక్షసుడైనా బటన్లు నొక్కేవాడి చేతి వేగమే తీర్పు. ఇద్దరు తలపడే వెర్సస్ మోడ్ మాత్రమే ఆడేవాళ్లకు తైషో తెలిసే అవకాశం లేదు, ఒప్పుకుంటాను. కథాభాగంలో మాత్రం ఈ ప్రక్రియే ఒక మేలు చేస్తుంది. డప్పుల రాక్షసుడు క్యోగాయ్‌ను మనమే ఓడిస్తాం. ఓడించాక వాడు ఒకప్పుడు రచయిత కావాలనుకున్నాడని, ఎవడో వాడి కాగితాల్ని కాలితో తొక్కాడని తెలుస్తుంది. పోరాటం నడుమ కూడా తాంజిరో ఆ రాతప్రతి మీద అడుగు పడకుండా తప్పుకున్నాడు. సినిమాలో అయితే చూసి జాలిపడతాం. ఇక్కడ వాడిని కొట్టిన చేయి మనది, అందుకే జాలిలో బాధ్యత కూడా కలుస్తుంది. దళంలోని వీరుడు రెంగోకుకూ రాక్షసుడు అకాజాకూ జరిగే పోరులోనూ అంతే. ఆటగాడు గెలుస్తాడు, అయినా రెంగోకు చనిపోతాడు. నైపుణ్యంతో మారని చావులు ఉంటాయని గెలిచినవాడికి చెప్పే గేములు తక్కువ.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఈ కథలో జపాన్ బాధితురాలిగానే కనిపిస్తుంది. కొరియాను 1910లో కలిపేసుకున్న సామ్రాజ్యం, 1919లో అక్కడి స్వాతంత్ర్య ఉద్యమాన్ని అణచిన సైన్యం ఎక్కడా లేవు. ఉదయించే సూర్యుడి జెండాను తలపిస్తున్నాయని తాంజిరో చెవిపోగుల డిజైన్‌నే కొరియాలో మార్చి చూపాల్సి వచ్చింది. 1923 సెప్టెంబరు 1 భూకంపంలో ర్యోఉన్‌కాకు విరిగిపడింది, యోషివారాలో వందల మంది స్త్రీలు చనిపోయారు. ఆ వారంలోనే టోక్యో పరిసరాల్లో కత్తులు నిజంగా బయటికొచ్చాయి. బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారు నమ్మి, వీధి కాపలా దళాలు వెదురు బల్లేలతో, కత్తులతో కొరియన్లను వేటాడి చంపాయి. మనుషుల్ని కాపాడే కత్తి కథ చదివేవాళ్లకు ఈ కత్తుల సంగతి కూడా తెలియాలి. ఈ మౌనాన్ని నేను సమర్థించను. కానీ దీనివల్ల నా వాదన వీగిపోదు. దేశం లోపలి పేదవాడి పట్ల ఇంత దయ చూపిన కథ కూడా సరిహద్దు అవతలి బాధితుడి దగ్గర ఆగిపోయిందంటే, తైషోను ఇక్కడ ఎలా గుర్తుపెట్టుకున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.

చివరగా, పిల్లల చేత యుద్ధం చేయించే కథ ఏమిటని తల్లిదండ్రులు అడుగుతారు. కథ మొదట్లో తాంజిరోకు 13 ఏళ్లు. ఆ వయసు పిల్లలు నిజంగానే కర్మాగారాల్లో పనిచేసిన కాలమది: 1911లో జపాన్ తొలి ఫ్యాక్టరీ చట్టం చేసింది. పిల్లల కనీస వయసును 12గా నిర్ణయించి, పదిహేనేళ్లలోపు వాళ్లకూ ఆడవాళ్లకూ రోజుకు 12 గంటల పని పరిమితి పెట్టింది. ఆ పాటి చట్టాన్ని కూడా 1916 దాకా అమలు చేయలేదు. ఆ అయిదేళ్ల నడుమే తాంజిరో కత్తి పట్టాడు. మీ ఇంట్లో ఎవరైనా ఈ గేమ్ ఆడుతుంటే, కథాభాగాన్ని దాటవేయొద్దని చెప్పండి. వీలైతే ఓ సాయంత్రం పక్కన కూర్చుని, ఆ రైలు స్టేషన్‌లో పోలీసుల్ని ఎందుకు పిలిచారో వాళ్లతో మాట్లాడండి.